బెంగళూరులో పాత జీపు: కాగితం నుంచి కమాన్ కట్ట దాకా

పాత జీపు చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ ఎత్తించకండి. ఆర్సీ చూపించమనండి. ఇంజన్ ఎంత పాడైనా బాగుచేసే మేస్త్రి కలాసిపాళ్యలోనో కోలార్‌లోనో దొరుకుతాడు, దానికి కావలసిన సామాను జేసీ రోడ్డులో దొరుకుతుంది. చాసిస్ (బండి మొత్తాన్ని మోసే అడుగు ఇనుప చట్రం) పగిలితే కష్టమే గానీ, అదీ అతికించుకోవచ్చు. కాగితం లేని బండికి మాత్రం ఏ షాపులోనూ మందు లేదు. అందుకని చూసే వరస ఇలా పెట్టుకోండి: మొదట కాగితం, తర్వాత చాసిస్, ఆపైన గేర్‌బాక్సూ హౌసింగులూ (ముందూ వెనకా చక్రాల మధ్య గేర్లుండే పెట్టెలు), వాటి తర్వాత ఇంజన్, అన్నిటికన్నా చివర పెయింటు. అమ్మేవాళ్లు సరిగ్గా దీన్ని తలకిందులు చేసి చూపిస్తారు. మెరిసే రంగు, లావు టైర్లు, ఒక్క సెల్ఫుకే అందుకునే ఇంజన్ ముందుంటాయి. కాగితాల మాటెత్తితే "అదంతా ఏజెంటు చూసుకుంటాడు సార్" అంటారు. ఆ మాట వినబడగానే మీ చెయ్యి జేబు మీద ఉండాలి.

ముందు ఏ బండో తేల్చుకోండి

జీపు అనగానే అందరికీ ఒకటే బొమ్మ గుర్తొస్తుంది గానీ, మన దగ్గర పాత ఫోర్‌వీల్ (నాలుగు చక్రాలకూ శక్తి అందే) బండ్లలో కనీసం నాలుగు రకాలున్నాయి, నాలుగింటివీ నాలుగు బతుకులు.

వైట్‌ఫీల్డులోనో మారతహళ్లిలోనో ఉంటూ, శనివారం బయటపడి బాగేపల్లి మీదుగా లేపాక్షికో, మదనపల్లె దాటి హార్సిలీ హిల్స్‌కో పోయిరావాలనుకునేవారికి నా ఓటు మారుతి జిప్సీకే. 1985 చివర్లో మార్కెట్లోకి వచ్చింది. మొదటి వాటిలో 970 సీసీ కార్బురేటర్ ఇంజన్, 1996 నుంచి 1298 సీసీ, 2000లో ఎంపీఎఫ్ఐ (కార్బురేటరు లేకుండా పెట్రోలును నేరుగా చిమ్మే పద్ధతి). తేలిక బండి, పెట్రోలు బండి, సామాను ఇంకా దొరుకుతుంది. తిట్టుకోవలసింది ఒక్కటే, దాని కమాన్ కట్టల (ఆకు స్ప్రింగుల) కుదుపు. వెనక సీటులో అత్తగారిని కూర్చోబెట్టే ఆలోచన ఉంటే ముందే చెప్పి ఒప్పించుకోండి.

డీజిలు కావాలంటే మహీంద్రా ఎంఎం540. ఎనభైల నాటి ఈ బండిలో ప్యూజో ఎక్స్‌డీపీ ఇంజన్ ఉంటుంది. 2112 సీసీ, 62 హార్స్‌పవర్. వేగం లేదు, శబ్దం మాత్రం కావలసినంత. కానీ దీన్ని విప్పి బిగించడం తెలిసిన మేస్త్రులు ఆంధ్రా-కర్ణాటక సరిహద్దు ఊళ్లన్నిటిలో ఉన్నారు. మన ఊళ్లలో బస్సు రాని దారుల్లో పైకప్పు మీద కూడా మనుషుల్ని ఎక్కించుకుని తిరిగిన సర్వీసు జీపుల పుణ్యం అది.

జీపులకు మూలమైన అమెరికా విల్లీస్ రూపం మీద మనసుంటే హై బానెట్ చూడండి. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలుపెట్టారు. అమెరికాలో 1953లో వచ్చిన సీజే-3బీ నమూనానే, అంటే ఈ హై బానెట్టే, మన దగ్గర దశాబ్దాల పాటు నడిచింది. దాని ముక్కు అంత ఎత్తుగా ఎందుకుందంటే కింద హరికేన్ ఇంజన్ ఉంది కాబట్టి. లోపలికి గాలి తీసుకునే వాల్వులు హెడ్డులోనూ, పొగ బయటికి పంపేవి బ్లాకులోనూ ఉండే ఈ 2.2 లీటర్ల ఇంజన్ పాతదానికన్నా పొడుగు, పాత బానెట్ కింద పట్టలేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఒక మోసం తప్పుతుంది. మన దగ్గర "రెండో ప్రపంచ యుద్ధం నాటి లో బానెట్" అని అమ్మకానికి పెట్టేవాటిలో చాలా వరకు హై బానెట్ బండికి కొత్త బాడీ తొడిగినవే. తొడగడం నేరమేమీ కాదు. దాన్ని 1944 బండి అని చెప్పి ఆ ధర అడగడమే అన్యాయం.

ఇక జోంగా. నిస్సాన్ పెట్రోల్ ఆధారంగా జబల్‌పూర్ వాహన కర్మాగారంలో 1969 నుంచి 1999 వరకు సైన్యం కోసం తయారైంది. 3956 సీసీ, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. చూస్తే కదలబుద్ధి కాదు. అది పెట్రోలు బంకు ముందు నుంచి కూడా కదలదు. మొదటి పాత బండిగా వద్దు, రెండోదిగా ఆలోచించండి.

కొనే ముందు చదవాల్సినవి, చూడాల్సినవి

మోడల్ తేల్చుకున్నాక వెంటనే ప్రకటనలు వెతక్కండి. ముందు ఆ మోడల్ సర్వీసు మాన్యువల్, పార్టుల కేటలాగు సంపాదించండి. జేసీ రోడ్డు పాత షాపుల్లో జిరాక్సు ప్రతులు అడిగితే కొన్నిసార్లు దొరుకుతాయి. పార్టుల కేటలాగు మాన్యువల్ కన్నా గొప్పది. అందులోని విడదీసిన బొమ్మలు చూస్తూ పోతే ఏ భాగం ఎక్కడ కూర్చుంటుందో, ఏ ఏడాదిలో ఏది మారిందో కళ్లకు కడుతుంది. అప్పుడు ఎదుట ఉన్న బండిలో ఏది దానిది, ఏది పక్కింటిది అనేది మీరే చెప్పగలరు.

రెండోది, ఆ మోడల్ బండ్లను వీలైనన్ని చూడండి, కొనకుండానే. చిక్కమగళూరు, సకలేశపుర, కొడగు కాఫీ తోటల్లో ఇంకా పనిచేసే జీపులున్నాయి. అవి ముద్దుగా ఉండవు, కానీ నిజంగా ఉంటాయి. తోట డ్రైవరుతో ఒక టీ తాగుతూ "దీనికి ఎక్కువగా ఏం పోతుంది అన్నా?" అని అడిగితే వచ్చే జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు.

మూడోది చాసిస్ నంబరు చదవడం నేర్చుకోవడం. దీనికి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే. నంబరు ఎక్కడ కొట్టి ఉంటుందనేది బండిని బట్టి మారుతుంది, మాన్యువల్లో చూసుకుని వెళ్లండి. ఒక తెల్ల కాగితం, మెత్తని పెన్సిల్, చిన్న వైరు బ్రష్షు, కిరసనాయిలులో తడిపిన గుడ్డ తీసుకెళ్లండి. జిడ్డు తుడిచి, బ్రష్షుతో రంగు పొర మాత్రం తీసి (గీకి పారేయకండి, లోహం మీద గీతలు పడితే రేపు ఆర్టీవోలో మీకే తంటా), కాగితం అదిమి పట్టి పెన్సిల్ అడ్డంగా రుద్దండి. రిజిస్ట్రేషన్ పనులకు ఆర్టీవోలో పెన్సిల్ ప్రింట్ తీసేదీ ఇలాగే. ఆ కాగితం వెలుతురులో పెట్టి చూడండి. అంకెలన్నీ ఒకే లోతులో, ఒకే సైజులో, ఒకే అచ్చులో ఉన్నాయా? ఒక 3 మిగతా 3ల కన్నా సన్నగా ఉందా? అంకెల కింద పాత అంకెల నీడ కనిపిస్తోందా? నంబరున్న చోట రేకు చుట్టుపక్కల కన్నా పల్చగా, నున్నగా అనిపిస్తోందా? చుట్టూ వెల్డింగు గీత ఉందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, బండి ఎంత నచ్చినా, "ఇంట్లో మాట్లాడి చెబుతా" అని వచ్చేయండి.

ఇంజన్ నంబరూ అలాగే చూడండి. ఇంజన్ మారడం పాత బండిలో మామూలే. మారినట్టు ఆర్సీలో ఎక్కిందా లేదా అన్నదే ముఖ్యం. ఆర్సీలో పెట్రోలు అని ఉండి బానెట్ కింద డీజిలు తిరుగుతున్న జీపులు దేశమంతా ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా మార్పు చేయకూడదు, ఇంజన్ మార్పుకు ఆర్టీవో అనుమతి ఉండాలి. అది లేకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర పేచీ మొదలవుతుంది.

కాగితాల పని

ఎంపరివాహన్‌లో (కేంద్ర రవాణా శాఖ యాప్) నంబరు కొట్టి చూడండి. ఓనరు పేరులో కొన్ని అక్షరాలు, రిజిస్ట్రేషన్ గడువు, ఇన్సూరెన్సు, ఫైనాన్సు, బ్లాక్‌లిస్టు కనిపిస్తాయి. పాత బండి వివరాలు ఆన్‌లైన్‌కు ఎక్కకపోతే అమ్మేవారి చేతనే ఆర్టీవోలో ఎక్కించమనండి. ఆ పని అయ్యేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. దొంగబండి అనుమానం ఉంటే ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వారి వాహన్ సమన్వయ్ సేవలో చూసుకోవచ్చు. ఫైనాన్సు ఉంటే అది తీరినట్టు ఆర్సీలో రాయించడానికి ఫారం 35, ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, 30, వేరే రాష్ట్రం నుంచి వస్తే ఎన్‌వోసీకి (నిరభ్యంతర పత్రానికి) ఫారం 28. ఈ నంబర్లు గుర్తుంటే ఏజెంటు మిమ్మల్ని కొంచెం మర్యాదగా చూస్తాడు.

ఆర్సీలో రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చదవండి: తయారైన ఏడాది, రిజిస్టరైన ఏడాది. మధ్యలో పది పదిహేనేళ్ల తేడా ఉంటే అది ఆర్మీ వేలంలో కొన్న బండి కావచ్చు. అందులో తప్పేమీ లేదు, సైన్యం పాత బండ్లను వేలం వేయడం ఎప్పటినుంచో ఉన్నదే. అయితే వేలం కాగితం, సైన్యం విడుదల పత్రం, మొదటి సివిల్ రిజిస్ట్రేషన్, ఈ మూడూ వరసగా అతకాలి. హర్యానా-పంజాబ్ సరిహద్దులోని మండీ డబ్వాలీలాంటి చోట్ల తుక్కు నుంచి కొత్తగా కట్టిన జీపులు చూపుకి కళ్లు తిరిగేలా ఉంటాయి. వాటి ఆర్సీ ఏ బండిదో, చాసిస్ ఏ బండిదో ఆ దేవుడికే తెలియాలి. అలాగే ఢిల్లీలో పాత డీజిలు, పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడివి దక్షిణాదికి బాగా దిగుతున్నాయి. ధర తక్కువ అని ఎగిరి గంతేయకండి. సరైన ఎన్‌వోసీ చేతికొచ్చిందా, రిజిస్ట్రేషన్ రద్దు కాలేదు కదా, ఇవి తేలాలి.

మనవాళ్లలో చాలామందికి ఊళ్లో పెదనాన్నదో మామయ్యదో పాత జీపు షెడ్డులో ఉంటుంది. దాన్ని తెచ్చుకుంటే బాగుండు అనిపిస్తుంది. తెచ్చుకోండి, కానీ లెక్క వేసుకుని. చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, కర్ణాటకలో లైఫ్‌టైం ట్యాక్సు కట్టాలి. ఆంధ్రా, తెలంగాణ నంబరుతో అవుటర్ రింగ్ రోడ్డు మీద రోజూ తిరుగుతూ, ప్రతి సిగ్నల్లో పోలీసును చూసి టెన్షన్ పడే బతుకు కన్నా అది నయం. ఆర్సీ గడువు దాటి ఉంటే ముందు ఊళ్లోనే రెన్యూవల్, పేరు మార్పిడి చేయించి, ఆ తర్వాత ఎన్‌వోసీ తీసుకుని బయల్దేరండి. మామయ్య కాలం చేసి ఉంటే వారసుల సంతకాల పని ఉంటుంది. అన్నదమ్ములు మాట్లాడుకుంటున్న రోజుల్లోనే అది ముగించండి.

ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు, తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యూవల్. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారుకు రుసుము 5,000 రూపాయలు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన సవరణతో 20 ఏళ్లు దాటిన వాటికి అది 10,000. గడువు దాటాక ప్రతి నెల ఆలస్యానికీ 500 అదనం. ఇవి కాక రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్సు. మొత్తం ఎంతవుతుందో ఆర్టీవో కౌంటరులో తెలుసుకుని, బేరం చివరి మాట అప్పుడు ఆడండి.

"యాభై ఏళ్లు దాటింది కదా, వింటేజ్ కింద చేయిస్తే సరి" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. 2021 జూలైలో వచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి వీఏ సిరీస్‌లో రిజిస్ట్రేషన్ ఇస్తారు. 20,000 రుసుము, పదేళ్ల గడువు. కానీ దాంతో రోజువారీగా రోడ్డెక్కకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు లాంటి పనులకే. ప్రతి వారం నడపాలనుకునేవారికి మామూలు రెన్యూవలే మంచిది.

పెయింటు గురించి ఇక్కడే ఒక మాట. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వది సైన్యం బండ్లకు తప్ప ఇంకెవరికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదంటుంది. జీపుకు ఆ రంగే అందమని నాకూ తెలుసు. సైన్యం బండ్లకుండే బాణం గుర్తు నంబరు ప్లేటు మాత్రం సరదాకైనా వద్దు.

బండి కిందికి దూరండి

కాగితం కుదిరాక బండి చూడ్డానికి పాత చొక్కా వేసుకుని, మంచి టార్చి, చిన్న సుత్తి, అయస్కాంతం తీసుకుని పగటిపూట వెళ్లండి. వర్షంలో వద్దు, తడిసిన బండి ప్రతిదీ బాగానే కనిపిస్తుంది.

నేల మీద పడుకుని చాసిస్ పట్టీల వెంట చూపు పోనివ్వండి. కమాన్ కట్టల షాకిల్ బ్రాకెట్లు (కట్టల కొసలు చాసిస్‌కు వేలాడే కొండీల బిగింపులు), ఇంజన్ మౌంటింగు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, పగుళ్లు ముందు వచ్చేవి ఇవే. సుత్తితో మెల్లగా తడుతూ పోండి. గట్టి ఇనుము టంగుమంటుంది, లోపల తుప్పు తిన్నది డొల్లగా పలుకుతుంది. చాసిస్‌కు కొత్తగా నల్ల అండర్‌కోటింగ్ మందంగా పూసి ఉంటే అనుమానించండి. జిప్సీలో నేల రేకు, విండ్‌షీల్డ్ ఫ్రేము అడుగు, వెనక షాకిళ్ల చుట్టూ తుప్పు ఎక్కువ. బాడీ మీద అయస్కాంతం అంటుకోని చోట పుట్టీ ఉన్నట్టు. కొంచెం పుట్టీ సహజం, తలుపంతా పుట్టీ అయితే టింకరింగు ఖర్చు మీ నెత్తి మీదే.

ముందు చక్రాల వెనక గుండ్రటి నకిల్ దగ్గర నూనె కారుతోందంటే సీళ్లు పోయాయి. మార్చేవే గానీ పని ఎక్కువ. చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే కింగ్‌పిన్ బేరింగో, హబ్ బేరింగో. జాయింట్ షాఫ్టు (ఇంజన్ శక్తిని హౌసింగుకు మోసే పొడుగు గొట్టం) చేత్తో తిప్పి దాని కొసల్లోని యూజే క్రాస్‌ల (కీళ్ల) ఆట చూడండి. పాత విల్లీస్ తరహా బండ్లలో స్టీరింగ్ బాక్సుకూ చక్రాలకూ మధ్య బెల్ క్రాంక్ ఉంటుంది. అది అరిగితే స్టీరింగు అరచుట్టు తిప్పినా బండి ఆలోచిస్తూ ఉంటుంది.

ఒక చిన్న హెచ్చరిక. కొన్ని పాత జీపులకు ఎడమ వైపు చక్రాల నట్లు ఉల్టా మరవి. పంక్చరు షాపు కుర్రాడు పైపు తగిలించి మామూలు దిక్కుకే బలంగా తిప్పితే బోల్టు తెగి చేతికొస్తుంది. ముందే చూసుకుని, ఆ వైపు బాడీ మీద బాణం గుర్తు గీసి పెట్టండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే, చల్లారేదాకా కూర్చోండి, తొందరేముంది. డీజిల్లో ప్యూజో ఇంజన్‌కు హీటర్ ప్లగ్గులుంటాయి. అవి వేడెక్కాక ఒకటి రెండు సార్లకు అందుకోవాలి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిలు తాగుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి పోతోంది, హెడ్ గ్యాస్కెట్టు. ఆయిలు మూత తీసి చూడండి. అక్కడ నుంచి ఊదే గాలి బలంగా, పొగగా ఉంటే రింగులు అయిపోయాయి.

తర్వాత నడపండి. అమ్మేవారు నడిపి చూపిస్తే చాలదు, మీరే నడపాలి. పాత మూడు గేర్ల బాక్సులో ఫస్టుకు సింక్రోమెష్ (గేర్ల వేగాలు కలిపే ఏర్పాటు) ఉండదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి. సెకండులో దిగువకు వదిలి యాక్సిలరేటరు నుంచి కాలు తీయండి, గేరు ఎగిరి బయటపడితే లోపల అరుగుదల ఉంది. ఫోర్‌వీల్ లివరు, లో లివరు (వేగం తగ్గించి బలం పెంచేది) రెండూ పడుతున్నాయా అనేది మట్టి నేల మీద చూడండి. "అది ఎప్పుడూ వాడలేదు సార్" అంటే, అది ఏళ్లుగా కదలక బిగుసుకుపోయిందని అర్థం చేసుకోవచ్చు.

ఇంటికి వచ్చాక మొదటి పనులు

రంగు, సీటు కవర్లు, స్పాట్ లైట్లు తర్వాత. మొదట బ్రేకులు. పాత జీపుల మాస్టర్ సిలిండరు ఒకే సర్క్యూటు. ఎక్కడ ఒక గొట్టం చీలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవరు మీద అది తెలుసుకోవద్దు. వీల్ సిలిండర్ల రబ్బర్లు, హోసులు, ద్రవం అన్నీ కొత్తవి వేయించండి, వాటిలో ఒకటి బాగుందని వదలకండి. విల్లీస్ తరహాలో హ్యాండ్ బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) వెనక జాయింట్ షాఫ్టుని పట్టుకుంటుంది, బండి ఆగాక వేయడానికే అది.

రెండోది పెట్రోలు దారి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఎనభైల నాటి రబ్బరు హోసులు, పంపు డయాఫ్రాలు, కార్కు గ్యాస్కెట్లు దానికి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, కారతాయి. కారిన పెట్రోలు వేడి మేనిఫోల్డు మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ట్యాంకు నుంచి కార్బురేటరు దాకా ఇథనాల్‌కు తట్టుకునే హోసు, కొత్త క్లిప్పులు, ఒక ఫిల్టరు వేయించండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టకండి.

మూడోది బెంగళూరు ప్రత్యేకం, వేడి. ఈ ఊరి చల్లగాలి చూసి మోసపోకండి. సిల్క్ బోర్డు జంక్షన్లో అరగంట మొదటి గేరులో పాకితే ఫ్యాను ఎంత తిరిగినా రేడియేటరుకు గాలి సరిపోదు. దానికి తోడు మన అపార్టుమెంట్లలోకి వచ్చే బోరునీళ్లు, ట్యాంకరు నీళ్లు. గీజరులో పేరుకునే తెల్ల పొరే రేడియేటరు గొట్టాల్లోనూ పేరుకుంటుంది. రేడియేటరు విప్పించి రాడ్డింగు (గొట్టాల్లో సన్నని కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించి, డిస్టిల్డ్ వాటరులో కలిపిన కూలెంట్ పోయించండి. కొందరు మేస్త్రులు "వేడెక్కదు సార్" అంటూ థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి కూలెంటుకు దారి తెరిచే వాల్వు) తీసి పారేస్తారు. ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజన్ ఎప్పుడూ సరైన వేడికి రాక, ఆయిలు పాడై, అరుగుదల పెరుగుతుంది. టెంపరేచర్ మీటరు పనిచేయకపోతే కొత్తది పెట్టించండి, అది లేకుండా ఊరు దాటొద్దు.

తర్వాత అన్ని నూనెలూ మార్చండి: ఇంజన్, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు హౌసింగులు. గేర్‌బాక్సుకు జీఎల్-4 రకం గేరు నూనె అడగండి. షాపువాళ్లు చేతికందిన జీఎల్-5 ఇస్తారు, దాని రసాయనాలు పాత ఇత్తడి సింక్రో రింగులకు పడవు. హౌసింగుల్లో ఏది వాడాలో మాన్యువల్ చెబుతుంది. గ్రీజు గన్ కొనుక్కుని నెలకోసారి ప్రతి నిపుల్‌కూ మీరే కొట్టండి. ఆ అరగంట బండి కింద ఉంటే ఏ బోల్టు వదులైందో, ఏ సీలు తడిసిందో చెప్పకుండానే తెలుస్తుంది. అపార్టుమెంటు బేస్‌మెంటులో కింద అట్టముక్క పరిచి పెట్టండి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫొటో రాకుండా ఉండటానికీ, ఏది ఎక్కడ కారుతోందో తెలుసుకోవడానికీ అదే మార్గం. ఎలుకలు వైర్లు కొరికే చోటైతే వారానికోసారైనా బానెట్ ఎత్తి చూడండి.

మేస్త్రి, సామాను

పెద్ద వర్క్‌షాపు కన్నా, జీపులే చేసే చిన్న షెడ్డు మంచిది. శివాజీనగర్, కలాసిపాళ్య వైపు, ఊరి బయట కోలార్, చింతామణి దారిలో ఇలాంటివి ఉన్నాయి. ఆ వైపు మేస్త్రుల్లో చాలామందికి తెలుగు వచ్చు, లేదా తెలుగూ కన్నడా ఉర్దూ కలిపి మనకు అర్థమయ్యే భాష వచ్చు. అన్నా అని పిలవండి, పని మధ్యలో అజమాయిషీ చేయకండి, కానీ పక్కనే ఉండండి. విప్పిన పాత సామాను మొత్తం మీకు తిరిగి ఇవ్వాలని మొదటి రోజే చెప్పండి.

జేసీ రోడ్డుకు వెళ్లేటప్పుడు పాడైన ముక్క చేతిలో ఉండాలి. "హై బానెట్ వాటర్ పంపు" అని అడిగితే మూడు రకాలు బల్ల మీద పెడతారు. పాతది పక్కన పెట్టి పోలిస్తే గానీ తేడా తెలియదు. బేరింగులు, ఆయిల్ సీళ్లు ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల షాపుల్లో నంబరు చెప్పి కొనుక్కోవచ్చు. సీలు మీద అచ్చైన కొలతలే దాని చిరునామా. ఇక్కడ దొరకనిది సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరకొచ్చు. కమాన్ కట్టలు, లేత్ పని అయితే విజయవాడ ఆటోనగర్‌ను మించినది నేను చూడలేదు, ఊరెళ్లినప్పుడు ఆ పని పెట్టుకోండి.

మట్టిలోకి దిగినప్పుడు

ముందు రోడ్డు గురించి. ఎన్‌హెచ్ 44 మీద అందరూ వందలో పోతుంటే మీరు అరవైలో ఎడమ లేనులో ఉండండి. ఈ బండ్ల గేరింగు అంతకే. పొట్టి వీల్‌బేసు బండి పక్కకు సులువుగా పల్టీ కొడుతుంది, మలుపులో స్టీరింగు ఒక్కసారిగా కోయకండి. పక్క బెంచీ సీట్ల మీద పిల్లల్ని హైవే మీద కూర్చోబెట్టకండి.

ఫోర్‌వీల్ వాడకం ఇలా. ఈ బండ్లలో ముందూ వెనకా చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. ఎండు తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి మలుపు తిరిగితే చక్రాలు వేర్వేరు దూరాలు తిరగలేక గేర్లు, షాఫ్టులు మెలిపడతాయి, చివరికి లివరు కూడా బయటికి రాదు. ఇసుక, బురద, వదులు మట్టి ఉన్నచోటే వేయండి. ఫ్రీవీల్ హబ్బులుంటే (ముందు చక్రాలను షాఫ్టు నుంచి విడదీసే తిప్పుడు మూతలు) ముందే దిగి రెండూ లాక్ చేయాలి. బురదలో దిగబడ్డాక చేస్తే మీ కాళ్లకే శిక్ష. లో రేంజి బండి పూర్తిగా ఆపి వేయండి. దిగుడులో లో ఫస్టులో పెట్టి కాళ్లు పెడళ్ల మీంచి తీసేయండి, ఇంజనే ఆపుతుంది, క్లచ్ మాత్రం తొక్కొద్దు.

ఇసుకలో టైర్ల గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. తిరిగి నింపడానికి పంపు మీతోనే ఉండాలి. ఒంటరిగా వెళ్లకండి, రెండో బండి ఉండాలి. లాగే తాడు చాసిస్‌కు బిగించిన కొక్కేనికే తగిలించండి, బంపరుకు కాదు. లాగేటప్పుడు అందరూ తాడు పొడవుకు మించిన దూరంలో నిలబడాలి. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోతే కేసు, ఎండిన చెరువులో చక్కర్లు కొడితే ఊళ్లో తగువు. చెనక్కాయ చేను గట్టు మీంచి పోవాలంటే రైతును అడిగి పోండి. తెలుగులో అడిగితే పావగడ నుంచి మదనపల్లె దాకా ఎవరూ కాదనరు.

వాగు దాటే ముందు మీరు నడిచి దాటండి. మోకాలు దాటితే వద్దు. దాటాక కాసేపు బ్రేకు మీద కాలు లైటుగా ఆనించి పోతే డ్రమ్ములు ఆరతాయి. అంతవరకు బ్రేకు లేనట్టే అనుకోండి. హబ్బులు మునిగేంత నీళ్లలోకి వెళ్లి ఉంటే మర్నాడు రెండు హౌసింగుల డ్రెయిన్ ప్లగ్గులూ కాస్త వదులు చేసి చూడండి. నల్లగా వస్తే బిగించేయండి. పాలు కలిసిన టీ రంగులో వస్తే లోపల నీళ్లు చేరాయి, ఆ నూనె మొత్తం తీసి కొత్తది పోసేదాకా బండి కదిలించకండి. హౌసింగు మీద ఉండే చిన్న గాలిగొట్టం మట్టితో మూసుకుపోయిందేమో అప్పుడే చూసి, సన్నని తీగతో పొడిచి శుభ్రం చేయండి.